పట్నం అంచున

మేడలమ్మ అని పేరు పెట్టినం.
బడిల సారు నవ్వి, గింత పాత పేరెందుకని
రిజిస్టర్ల మేధ అని రాసుకున్నడు.
ఆ రెండక్షరాలే ఇంత దూరం తెచ్చినయా అని
మగ్గం గుంటల కాళ్లాడిచ్చుకుంట అప్పుడప్పుడు అనుకుంట.

ఏడేండ్లు కడుపు పండకపోతే
ఐనవోలు మల్లన్నకు మొక్కి కన్న బిడ్డ.
కొమురమ్మ తడిబట్టలతోని గుడి చుట్టూ పొర్లింది.
ఆ బండల గీతలు ఆమె మోచేతుల మీద ఇంకా ఉన్నయ్.

నాలుగేండ్లప్పుడు
కొత్తవాడ సందుల మా జంపఖాన మగ్గం పక్కన కూసోని
నాయినా, ఎడమ దిక్కు రెండు పోగులు తక్కువున్నయ్ అన్నది.
నేను నవ్విన.
పొద్దుమీకి పన్నె జరిపి చూస్తే, నిజమే, రెండు.
ఆ రాత్రి కొబ్బరికాయ కొట్టినం.
తొమ్మిదో ఏట సొసైటోళ్ల నూలు లెక్క తప్పు పట్టింది,
మూడు వందల నలభై రూపాయలు వాపసొచ్చినయ్.
మళ్లొక కాయ.
పొల్ల తెలివికి ప్రతిసారి
మేం దేవునికే రశీదు రాసిచ్చినం.

పన్నెండు నిండినంక ఒక ఆదివారం
బండారి గిన్నె పట్టుకొని వాళ్లమ్మ దగ్గరికొస్తే
నుదురు వెనక్కి తీసుకున్నది.
విసురుగ గాదు. పుస్తకంల పేజీ తిప్పినంత మెల్లగ.
నా కోసం మొక్కిండ్రు, నేనొచ్చిన.
తమ్ముని కోసం గూడ మొక్కిండ్రు గదమ్మా.
ఎంజీయం దవాఖానల, తొమ్మిదో రోజు...
నేను చెయ్యి అడ్డం పెట్టిన, ఇగ చాలన్న.
రెండు మొక్కుల్ల ఒకటి తీరుడంటే
రూపాయి బిళ్ల ఎగరేసినా అంతే వస్తది నాయినా.

కొమురమ్మ కొట్టలే.
కొడితే బాగుండు.
గిన్నె దేవుని అర్రల పెట్టి తలుపు దగ్గరికేసింది.
మూడు రోజులు పొల్ల డబ్బాల అన్నం పెట్టింది గని
మాట పెట్టలే.

తర్వాత ఒక ఉపాయం దొరికిందామెకు.
బిడ్డ నిద్రవోయినంక
పాపిట్ల, ఎవ్వలకు కనపడకుండ, చిటికెడు బండారి.
నేను కండ్లు మూసుకొనే చూసిన.
పొల్లకు తెల్వదనే అనుకున్న
దిండు గలీబు పిండుకుంట ఒకనాడు
నీళ్లు పసుప్పచ్చగైతున్నయ్ నాయినా అని
నా మొకం దిక్కు చూసి నవ్వేదాక.
తల కడుక్కోలే. అట్లనే జడేసుకొని
లెక్కల పరీక్షకు వోయింది.
జిల్లా మీద మొదటొచ్చింది.
అంతా మల్లన్న దయ, అన్నది కొమురమ్మ.
పొల్ల ఏమనలే.
ఆ ఊకుండుడు ఎటు దిక్కుదో నాకు సమజు గాలే.

నా సంగతి ఎవ్వలకు జెప్పుకోను?
దీపం ముందర కూసుంటే
శరణు మల్లన్నా అనే జాగల లెక్క వస్తున్నది:
ఒకరొచ్చిండ్రు, ఒకరు వోయిండ్రు.

మొన్న ఇంట్ల పట్నం ఏయించినం.
ఒగ్గు బీరయ్య తెల్లపిండి, పసుపు, కుంకుమ, ఆకుపొడి
వేళ్ల సందుల నుంచి జారుస్తాంటే
మొక్కని పొల్ల, దండం పెట్టని పొల్ల
నడిరేయి దాక మోకాళ్ల మీద గడ్డం ఆనిచ్చి కదలలే.
ఐదో వరుసల ఒక గడి తప్పింది తాతా, అన్నది.
ముసలాయన జానతోని కొలిచి
తుడిచి మళ్ల గీసిండు.
యాభై ఏండ్ల సంది ఎవ్వలు చూడలేదే బిడ్డా, అన్నడు.

డోలు లేచింది.
జుట్టిరబోసుకొని కొమురమ్మ తొక్కింది,
మా అన్న తొక్కిండు, వాడకట్టంత తొక్కింది.
పొల్ల ఒక్కతే
లంగా అంచు పిండికి తాకకుండ ఎత్తిపట్టుకొని
ఓరకు నిలబడ్డది. కండ్లనిండ నీళ్లు.
గంత మంచిగ గీసి ఎందుకు తొక్కుతున్నరు, అన్నది,
డోలు సప్పుడుల నా ఒక్కనికే ఇనపడ్డది.
నేను తొక్కిన.
కాళ్ల కింద మెత్తగ, సల్లగ.

తెల్లారగట్ల చీపురు తీస్తే గుంజుకున్నది.
ఆగు నాయినా, ఈ మూల చెదరలే,
కాగితం మీద ఎక్కించుకుంట.
స్కేలు, పెన్సిలు పట్టుకొని బోర్ల పడుకున్నది.
అర్రలకెల్లి వచ్చిన కొమురమ్మ
వాకిట్ల తన నీడ ఆ కాగితం మీద పడ్డది చూసి
ఏమనకుండ
పక్కకు జరిగింది.